పాత అంబాసిడర్‌కు వెనక జంట పైపులు అమర్చుకోవడం ఎలా?

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో గాని, గుంటూరు ఆటోనగర్‌లో గాని పాత అంబాసిడర్‌ను తీసుకెళ్లి వెనక రెండు సైలెన్సర్ పైపులు కావాలని అడిగితే, సాయంత్రానికల్లా వేసి పంపేవారికి కొదవ లేదు. అయితే ఆ పైపులు ఏడాది తిరగకుండానే వెల్డింగు దగ్గర చిట్లకూడదన్నా, గతుకు వచ్చినప్పుడల్లా వెనక హౌసింగ్‌కు, అంటే వెనక ఇరుసు ఉండే ఇనుప గొట్టానికి, కొట్టుకోకూడదన్నా, కారు లోపలికి పొగ రాకూడదన్నా, పని ఒప్పజెప్పే ముందే మీకు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. ఇక్కడ చెబుతున్నది 1489 సీసీ పెట్రోలు ఇంజను ఉన్న అంబాసిడర్ గురించి. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉన్న ఇతర పాత కార్లకు కూడా చిన్న చిన్న తేడాలతో ఇదే పద్ధతి సరిపోతుంది.

మొదట, ఈ పని వల్ల ఏమి వస్తుందో, ఏమి రాదో తేల్చుకోండి. జంట పైపులు సహజంగా అమరేది వి ఆకారపు ఇంజన్లకు. వాటిలో సిలిండర్లు రెండు వరుసలుగా ఉంటాయి కాబట్టి వరుసకొక మానిఫోల్డు (సిలిండర్ల పొగను ఒక్కచోటికి చేర్చే గొట్టాల గుత్తి), మానిఫోల్డుకొక పైపు వస్తాయి. అంబాసిడర్‌లో నాలుగు సిలిండర్లూ ఒకే వరుసలో ఉంటాయి. పొగ బయటికి వచ్చే ద్వారాలు మూడే. ఒకటో సిలిండరుకు ఒకటి, నాలుగోదానికి ఒకటి, నడిమి రెండింటికీ కలిపి ఒకటి. అందువల్ల వెనక రెండో పైపు కనబడగానే కారు పరుగులు తీస్తుందని ఆశించవద్దు. అందం వస్తుంది, శబ్దంలో కొంత గాంభీర్యం వస్తుంది. పాత సైలెన్సరు లోపల మసి పేరుకుపోయి ఉంటే, కొత్తది వేయడం వల్ల పుల్లింగ్ కూడా కొంత మెరుగుపడుతుంది; కానీ ఆ మేలు కొత్త సైలెన్సరుది, రెండో పైపుది కాదు. మైసూరులో తయారైన యెజ్దీ మోటారు సైకిలుకు ఉన్నది ఒకే సిలిండరైనా దానికి రెండు సైలెన్సర్లు ఉండేవి కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, అయితే ఆ సిలిండరుకు పొగ ద్వారాలే రెండు పెట్టి ఇంజనును తయారు చేశారు. మీ ఇంజనుకు ఆ ఏర్పాటు లేదు.

మానిఫోల్డు నుంచే రెండు పైపులను విడివిడిగా తీసుకురావాలనే పట్టుదల ఉంటే ఒక్క సూత్రం మరువకండి. ఈ ఇంజనులో సిలిండర్లు పేలే వరుస 1-3-4-2. ఒకటి, నాలుగు సిలిండర్లను ఒక పైపులోకి, నడిమి రెండింటిని మరో పైపులోకి కలిపితేనే ప్రతి పైపులోనూ పొగ సమాన వ్యవధిలో వస్తుంది. ముందు రెండు ఒకటిగా, వెనక రెండు ఒకటిగా కలిపితే రెండు పేలుళ్లు వెంటవెంటనే వచ్చి తరువాత చాలాసేపు ఖాళీ ఉంటుంది; శబ్దం కుంటుతున్నట్లు వినిపిస్తుంది. నడిమి రెండింటికీ ద్వారం ముందే ఒకటి కావడం ఇక్కడ కలిసి వచ్చే విషయం. అయినా దీనికి మానిఫోల్డును కొత్తగా పైపులతో కట్టించాలి, కార్బురేటర్ కూడా ఇంజనుకు అదే పక్కన ఉంటుంది కనుక వేడి దానికి తగలకుండా చూడాలి, ముందు టార్షన్ బార్ల (ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు కడ్డీల) పక్కగా రెండు పైపులను కిందికి దించాలి. రోజూ తిరిగే కారుకు ఇంత శ్రమ అక్కరలేదని నా అభిప్రాయం. ఇంజను నుంచి సైలెన్సరు దాకా ఒకే పైపు ఉంచి, సైలెన్సరు తరువాత రెండుగా చీల్చడమే తెలివైన పని. ఇక ముందు చెప్పేదంతా ఆ పద్ధతి గురించే.

కొలతలకు వెళ్లే ముందు చట్టం సంగతి చూడాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. శబ్దం, కాలుష్యం ప్రమాణాలను మీరితే వర్తించే సెక్షన్ 190(2) కింద జరిమానా 10,000 రూపాయల వరకు ఉంటుంది. కాబట్టి ఏ పైపు, ఏ సైలెన్సరు, ఎక్కడ చీలుతుంది అనే విషయాలతో ఒక బొమ్మ గీయించి, రవాణా శాఖ కార్యాలయంలో అర్జీ ఇచ్చి, రాతపూర్వకమైన జవాబు తీసుకున్న తరువాతే పని మొదలుపెట్టండి. సైలెన్సరు లోపలి గొట్టాలు పీకేసి ఉత్త డబ్బాను మాత్రమే ఉంచడం ఏ విధంగానూ ఒప్పు కాదు. శబ్దాన్ని తగ్గించే సైలెన్సరు ప్రతి వాహనానికీ ఉండి తీరాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. అవే నియమాల్లో 112వది పొగ కిందికి గాని, వాహనానికి ఎడమ పక్కకు గాని వెలువడకూడదంటుంది. 113వది పొగ గొట్టానికీ పెట్రోలు పైపుకూ మధ్య కనీసం 35 మిల్లీమీటర్ల ఎడం ఉండాలంటుంది. మీ రెండో పైపు కారు ఎడమ వైపున వచ్చినా, దాని మూతి మాత్రం సరిగ్గా వెనక్కే చూడాలి. షోకు కోసం మూతిని పక్కకు వంచి వేయించుకున్నవారు ఈ నియమానికే దొరికిపోతారు.

ఇక పైపు లావు. ఆటోనగర్‌లో మీకు తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: ‘‘ఎంత లావు పైపేస్తే అంత పికప్పండి.’’ ఈ మాట నమ్మవద్దు. పొగ వేగంగా కదిలితేనే తన వెనక వచ్చే పొగను లాగుతుంది. పైపు మరీ వెడల్పైతే వేగం తగ్గి, తక్కువ స్పీడులో పుల్లింగ్ చచ్చిపోతుంది. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి కారు కదిలించాల్సిన ప్రతిసారీ ఆ తేడా మీ కాలికి తెలుస్తుంది. లెక్క సులువే. పైపు అడ్డుకొలతను దానితోనే గుణిస్తే వచ్చే అంకెను పోల్చుకోవాలి. సైలెన్సరులోకి వచ్చే పైపు 45 మిల్లీమీటర్లు, అంటే అంగుళం ముప్పావు అనుకుంటే, 45ని 45తో గుణిస్తే 2025. చీలిన తరువాత ఒక్కొక్కటి 32 మిల్లీమీటర్లు, అంటే అంగుళంపావు పైపైతే, 32ను 32తో గుణించి రెండింతలు చేస్తే 2048. రెండు లెక్కలూ దాదాపు సమానం కాబట్టి అంగుళంపావు పైపులు రెండు సరిపోతాయి. 45 మిల్లీమీటర్ల పైపులే రెండు వేస్తే వైశాల్యం రెట్టింపై, పొగ నెమ్మదించి చల్లబడుతుంది. బయటికి లావుగా కనబడాలనే కోరిక ఉంటే చివర తొడిగే మెరుపు మూతిని కొంచెం పెద్దదిగా ఎంచుకోండి, పైపును కాదు.

చల్లబడితే నష్టమేమిటని అడగవచ్చు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. పైపు వేడిగా ఉన్నంతసేపు అది ఆవిరిగా బయటికి పోతుంది. వేడెక్కకముందే ఇంజను ఆపేస్తే సైలెన్సరు అడుగున నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. ఒకే పైపు కన్నా రెండు పైపులు వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది కనుక, పటమట నుంచి బీసెంట్ రోడ్డు దాకా వెళ్లి వచ్చి షెడ్డులో పెట్టే కార్లకు జంట పైపులు తొందరగా పాడవుతాయి. దీనికి విరుగుడుగా సైలెన్సరు అడుగున, వెనక్కి వాలిన చోట, 3 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం వేయించండి; వారానికొకసారి గన్నవరం వైపు హైవే మీద కాసేపు నడపండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచినప్పటిలాగా కారు నీళ్లలో నిలబడిపోతే మాత్రం ఆ రంధ్రాన్ని నమ్ముకోకుండా సైలెన్సరును విప్పించి నీరు వంచేయాలి.

పైపు కొనేటప్పుడు గోడ మందం 16 గేజి, అంటే దాదాపు 1.6 మిల్లీమీటర్లు ఉన్న ఇనుప పైపు తీసుకోండి. అంతకు పలచనైతే వెల్డరు చేతిలోనే రంధ్రాలు పడతాయి. నీళ్ల పైపుగా వాడే జీఐ పైపు చవకే గాని, వెల్డింగు వేడికి దాని మీది జింకు పూత కాలి తెల్లటి పొగ వస్తుంది. అది పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. ఖర్చు భరించగలిగితే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మేలు, తుప్పు బాధ తక్కువ. దాన్ని మామూలు ఇనుముతో అతికేటప్పుడు 309 రకం రాడ్డు వాడమని వెల్డరుకు గుర్తు చేయండి. మామూలు రాడ్డుతో వేసిన అతుకు పగులుతుంది.

ఇప్పుడు దారి కొలవాలి. అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. కారును పిట్ (కిందికి దిగి పనిచేసే గుంత) మీద నాలుగు చక్రాలపై నిలబెట్టడం ఉత్తమం. పిట్ లేకపోతే వెనక భాగాన్ని లేపిన తరువాత స్టాండ్లను బాడీ కింద కాకుండా హౌసింగ్ కింద పెట్టండి. బాడీ కింద పెడితే చక్రాలు కిందికి వేలాడి, హౌసింగ్‌కూ బాడీకీ మధ్య లేని జాగా కనిపిస్తుంది. అది నమ్మి వంచిన పైపు కారు దించగానే హౌసింగ్‌కు తగులుతుంది. 6 మిల్లీమీటర్ల ఇనుప ఊచను పైపు వెళ్లవలసిన దారిలో వంచుకుంటూ రెండు వైపులకూ రెండు నమూనాలు తయారు చేసుకోండి. హౌసింగ్ పైన ఎంత ఎడం వదలాలో తెలుసుకోవడానికి ఒక మంచి గుర్తుంది. గతుకులో హౌసింగ్ పైకి లేచి బంప్ రబ్బరుకు (హౌసింగ్ బాడీకి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మకు) తగిలే దాకా వెళుతుంది కాబట్టి, ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని టేపుతో కొలిచి, దానికి మరో 25 మిల్లీమీటర్లు కలిపితే వచ్చేదే పైపుకూ హౌసింగ్‌కూ మధ్య ఉండవలసిన కనీస దూరం. వెనక సీటు నిండా మనుషులనూ, డిక్కీ నిండా బియ్యం బస్తాలనూ ఎక్కించే అలవాటున్న కారుకు ఇందులో ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గించవద్దు. కమాన్ కట్టలకు, హ్యాండ్ బ్రేకు కేబులుకు, బ్రేకు గొట్టానికి కూడా పైపు దూరంగా ఉండాలి. పాత పైపు పోయే వైపున దారి ముందే ఉంటుంది. చిక్కంతా రెండో వైపునే. అక్కడ పెట్రోలు ట్యాంకు, దాని పైపు ఎక్కడున్నాయో చూసి, అవసరమైతే మధ్యలో అల్యూమినియం రేకు అడ్డం పెట్టండి. రేకును పైపుకు అంటించకుండా వేలెడు సందు వదలాలి, ఎందుకంటే వేడిని ఆపేది రేకు కన్నా ఎక్కువగా ఆ సందులోని గాలే.

రెండు పైపుల పొడవూ, వంపుల సంఖ్యా వీలైనంత దగ్గరగా ఉండాలి. ఒకటి తిన్నగా, మరొకటి మెలికలు తిరిగి వెళితే పొగంతా తిన్నని దారి పడుతుంది, రెండోది అలంకారంగా మిగిలి లోపల తుప్పు పడుతుంది. చీలిక దగ్గర టీ ఆకారపు అతుకు వేయనివ్వకండి. 30 డిగ్రీలకు మించని కోణంలో వై ఆకారం కావాలి, పైపు అంచు లోపలికి పొడుచుకు రాకూడదు. ఒక నోరు లోపలికి, రెండు నోళ్లు బయటికి ఉండేలా సైలెన్సరునే కట్టించగలిగితే ఈ బెడదే ఉండదు, చూడటానికి కూడా పొందికగా ఉంటుంది. వంపు దగ్గర పైపు నొక్కుకుపోతే లావు లెక్కంతా వృథా అవుతుంది. హైడ్రాలిక్ బెండర్ మంచిది దొరకకపోతే పైపులో ఇసుక దట్టించి, రెండు చివరలా బిరడాలు కొట్టి, గ్యాసు మంటతో కాల్చి వంచే పాత పద్ధతి ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది. ఆ ఇసుక పొయ్యి మీద వేయించినంత పొడిగా ఉండాలి. తడి ఉంటే ఆవిరి పుట్టి బిరడా తూటాలా ఎగిరిపోతుంది.

పాత సామాను విప్పడానికి ముందు రోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే నూనె గాని, అది లేకపోతే డీజిలు గాని పోసి ఉంచండి. మానిఫోల్డు దగ్గర ఉండే ఇత్తడి నట్లు సాధారణంగా మొరాయించవు. మొరాయించేవి క్లాంపుల దగ్గరి ఇనుప నట్లు. వాటిని కోసేసినా నష్టం లేదు. మానిఫోల్డు స్టడ్డు (నట్టు ఎక్కే మరల కడ్డీ) మాత్రం విరగకూడదు, విరిగితే లేత్ పని తప్పదు. మానిఫోల్డు దగ్గరి గ్యాస్కెట్ (అతుకులోంచి పొగ కారకుండా మధ్యలో పెట్టే పట్టీ) తీశాక పాతదే మళ్లీ వాడవద్దు.

వెల్డింగు విషయంలో ఒక్క పట్టుదల చూపించండి. పైపులను కారు కింద క్లాంపులతో నిలబెట్టి, అతుకుల దగ్గర సుద్దతో రెండు పైపుల మీదా కలిసేలా గీతలు గీసి, మొత్తం దించి, బయట అతికించాలి. కారు కిందే అతికిస్తానని వెల్డరు అంటే ఒప్పుకోవద్దు. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అనే ధైర్యం మరీ ప్రమాదం; నిండు ట్యాంకు కన్నా ఆవిరితో నిండిన ఖాళీ ట్యాంకే ముందు పేలుతుంది. బ్రాకెట్ల కోసం కారు మీదనే ఎక్కడైనా అతికించక తప్పకపోతే ట్యాంకు విప్పి దూరంగా పెట్టించండి, బ్యాటరీ వైర్లు ఊడదీయండి, వెల్డింగు యంత్రం ఎర్త్ క్లాంపును అతికే చోటుకు జానెడు దూరంలోనే పట్టించండి. లేకపోతే కరెంటు చక్రాల బేరింగుల గుండా వెళ్లి వాటిని తినేస్తుంది. టార్షన్ బార్ల దగ్గర నిప్పు రవ్వ కూడా పడనీయకండి.

అంబాసిడర్‌కు లారీలాగా విడి ఛాసిస్ ఉండదు, బాడీలోనే గట్టి పెట్టె భాగాలు ఉంటాయి. పైపులను వేలాడదీసే హ్యాంగర్లను ఆ భాగాలకే బోల్టులతో బిగించాలి. నేల రేకుకు బిగిస్తే కొన్నాళ్లకు రేకు చిరిగి, ఆ చిరుగులోంచి పొగ లోపలికి వస్తుంది. అన్ని హ్యాంగర్లకూ రబ్బరు ఉండాలి. దీనికి రెండు కారణాలున్నాయి: ఇంజను తన రబ్బర్ల మీద అటూ ఇటూ ఊగుతుంది, పైపు కూడా వేడికి పెరుగుతుంది. మూడు మీటర్ల ఇనుప పైపు 200 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. దాన్ని రెండు కొసలా కదలకుండా బిగించేస్తే ఆ పెరుగుదలంతా అతుకు మీద పడి అక్కడే చిట్లుతుంది. డౌన్ పైపు (మానిఫోల్డు నుంచి కిందికి దిగే పైపు) తరువాత ఒక బెల్లో ముక్క (అటూ ఇటూ వంగే ముడతల గొట్టం) వేస్తే ఇంకా మంచిది. నట్లన్నీ మొదట వదులుగా ఉంచి, ముందు నుంచి వెనక్కి వరుసగా బిగించుకుంటూ రండి. పైపుల మూతులు బంపరు అంచును దాటి కొంచెం బయటికి ఉండాలి. లోపలే ఆగిపోతే పరుగులో పొగ డిక్కీ కిందనే సుడి తిరిగి సందుల్లోంచి లోపలికి వస్తుంది. పైపులకు గుడ్డపట్టీ చుట్టే ఆలోచన ఉంటే మానుకోండి. కృష్ణా తీరపు ఉక్కలో ఆ పట్టీ చెమ్మను పట్టి ఉంచి పైపును తినేస్తుంది. పాత దుకాణాల్లో ఇంకా కనిపించే ఆస్బెస్టాస్ తాడును అసలే ముట్టుకోవద్దు.

బిగింపు పూర్తయ్యాక, ఇంజను చల్లగా ఉండగానే స్టార్టు చేయించి, మందపాటి తడి గుడ్డలతో రెండు మూతులనూ ఒకేసారి క్షణకాలం మూయించి, ఒక్కొక్క అతుకు దగ్గర చెవి పెట్టండి. ఎక్కడైనా బుస్సుమంటే అక్కడ సబ్బు నురుగు పూసి చూడండి, బుడగలు కనిపిస్తాయి. ఇది ఆరుబయటే చేయాలి, తలుపులు మూసిన షెడ్డులో కాదు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. తరువాత రెండు మూతుల వెనకా అరచేతులు పెట్టి పొగ ఊపును పోల్చండి. తేడా స్పష్టంగా తెలిస్తే చీలిక దగ్గర అంచు లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది, దించి రుద్దించాలి. ఇదే అదనుగా నేల రేకులోని రంధ్రాలు, డిక్కీ రబ్బరు కూడా చూసుకోండి. పాత అంబాసిడర్లలో కాళ్ల కింద రేకు తుప్పు పట్టడం మామూలే. అది వదిలేసి పైపుల మీద డబ్బు పెట్టడంలో అర్థం లేదు.

పొగ దారి మారితే కార్బురేటర్‌ను మళ్లీ సరిచేయవలసి రావచ్చు. హైవే మీద కొంత దూరం నడిపిన తరువాత ప్లగ్గులు విప్పి చూడండి. కాఫీ రంగు ఉంటే సరే, తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువవుతోంది, నల్లగా మసి ఉంటే ఎక్కువవుతోంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక టపటపమంటుంటే కార్బురేటర్‌ను తిప్పే ముందు అతుకులను మరోసారి వెతకండి. ఎక్కడో గాలి లోపలికి దూరుతోంది. అదే గాలి కాలుష్య పరీక్షలో అంకెలను తప్పుగా తక్కువ చేసి చూపిస్తుంది కూడా. భారత్ స్టేజ్-2 కాలుష్య ప్రమాణాల కన్నా ముందు తయారైన నాలుగు చక్రాల పెట్రోలు బండికి ఆ పరీక్షలో కార్బన్ మోనాక్సైడు 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం (పది లక్షల భాగాల్లో 1,500) దాటకూడదు. పరీక్ష గొట్టాన్ని రెండు మూతుల్లోనూ పెట్టి చూడమని అడగండి.

ఆ తరువాత వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి స్పీడు బ్రేకర్లు ఎక్కువగా ఉన్న వీధిలో నెమ్మదిగా నడపండి. ఠంగుమన్న చోటల్లా దిగి చూస్తే, తగిలిన చోట పైపు మీద మెరుపు గీత కనిపిస్తుంది. వంద కిలోమీటర్లు తిరిగిన తరువాత మానిఫోల్డు దగ్గరి నట్లు, క్లాంపుల నట్లు అన్నీ ఇంజను చల్లారాక మరోసారి బిగించండి, కొత్త గ్యాస్కెట్ అణగడం వల్ల, వేడి వల్ల అవి వదులై ఉండవచ్చు. మార్పు సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. తీసేసిన పాత పైపును ఇనుప సామాను బండికి వేయకుండా దాచండి. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగింపు తనిఖీ ఉంటుంది, అప్పుడు అధికారి అభ్యంతరం చెబితే పాతది తిరిగి బిగించుకోవచ్చు.